మామూలు వాసనే

మా వీధిలో ఎండాకాలం ఐసు ఫ్యాక్టరీ మోతతో మొదలవుతుంది. మిగతా కాలాల్లో కాసేపు నడిచి కాసేపు ఊరుకునే ఆ కంప్రెసర్, ఎండలు ముదిరాక ఇక ఆగదు. నా దర్జీ కొట్టు సరిగ్గా దాని గేటుకి ఎదురుగా ఉంది. మిషను తొక్కుతూ తలెత్తితే లోపలి నుంచి ఐసు దిమ్మలు జారుకుంటూ రావడం, రంపపు పొట్టు కప్పుకుని బండెక్కి పోవడం కనిపిస్తాయి. ఆ గేటులోంచి చల్లగాలి వస్తుందని అందరూ నన్ను అదృష్టవంతుణ్ణంటారు. చల్లగాలితో పాటు ఇంకేం రాగలదో వాళ్ళకేం తెలుసు?

నీళ్ళని గడ్డకట్టించేది అమోనియా. ఫ్యాక్టరీలో దాన్ని గ్యాసు అని ముద్దుగా పిలుస్తారు గానీ, అది ముద్దు చేయించుకునే రకం కాదు. పైపుల్లో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఏ జాయింటు దగ్గరో సన్నగా బయటపడిందంటే ముందు ముక్కుని, తర్వాత కళ్ళని, ఆ తర్వాత ఊపిరిని పట్టుకుంటుంది. పాత ఫ్యాక్టరీ కాబట్టి ఆ వాసన కొద్దో గొప్పో ఎప్పుడూ ఉండనే ఉంటుంది. అందులో మామూలు వాసన ఏదో, కొత్తగా పుట్టిన వాసన ఏదో తేల్చి చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. మిషను రూము చూసుకోవడం ఆయన పని. అందరూ ముక్కుగారు అనేవారు.

మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరే అది. ఒకసారి యజమాని గది గోడ వెనక పైపు కారుతుంటే, ఆయన గేటు దగ్గర సైకిలు దిగుతూనే పసిగట్టాడు. ఆ రోజు నుంచి పేరుకి గారు చేరింది. లీకు వెతకడానికి గంధకం వత్తులుంటాయి. వెలిగించి పైపుల వెంట తిప్పితే గ్యాసున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. వాటిని చూస్తే ముక్కుగారికి నవ్వు. “అవి ముక్కు లేనివాళ్ళకి” అనేవాడు. పెట్టె ఖాళీ అయ్యాక యజమాని మళ్ళీ కొనలేదు. మా ముక్కు ఉండగా వత్తులెందుకని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ గొప్పలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు ఎండలు మొదలవుతూనే ముక్కుగారికి జలుబూ జ్వరం వచ్చాయి. రెండూ తగ్గాయి. తగ్గుతూ తగ్గుతూ వాసనని తమతో పట్టుకుపోయాయి. ఆ సంగతి కనిపెట్టింది ఆయన భార్య. ఆయన పొయ్యికి వీపు పెట్టుకుని ఫ్యాను బాగుచేస్తుంటే, వెనక పాలు పొంగి, ఇంకి, గిన్నె మాడి నల్లబడింది. బట్టలు ఆరేస్తున్న ఆవిడ ఆ కంపుకి పరుగెత్తుకొచ్చింది.

“ఏమండీ, పక్కనే ఉండి చూడలేదా?”

“ఇటు తిరిగి ఉన్నాను కదా.”

“చూడకపోతే పోనీండి, వాసనైనా తెలీలేదా?”

ఆయన స్క్రూ బిగిస్తూ ఉండిపోయాడు. ఆవిడ గదిలోకి వెళ్ళి ఫినాయిలు సీసా తెచ్చి, మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది. ఆయన తల వెనక్కి లాక్కోలేదు. 

“రేపే చెప్పేయండి వాళ్ళకి. అక్కడ అంతమంది పనిచేస్తారు” అంది.

“చెప్తే ఈ పని ఉండదు. పని లేకపోతే ఈ ఇల్లు ఉండదు. నాలుగు రోజులు ఓపిక పట్టు, అదే తిరిగొస్తుంది.”

ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని ఉన్న ఆ రెండు గదులూ పనితో పాటు ఇచ్చినవే. ఆవిడ అప్పుడప్పుడూ అడుగుతూ వచ్చింది. చివరికి ఒకరోజు, చెప్పేశానన్నాడు, వత్తులు కొని పనిలో ఉంచుకుంటామన్నారన్నాడు. ఆవిడ నమ్మింది.

అప్పటికి బడికి సెలవులిచ్చారు. వాళ్ళకి ఒక్కతే కూతురు. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉండేది కాబట్టి పిట్ట అనేవారు. మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ పట్టుకెళ్తూ, బొమ్మకి గౌను కుట్టాలని నా దగ్గర గుడ్డముక్కలు ఏరుకునేది. ఒకరోజు ముక్కుగారు దాని చెయ్యి పట్టుకుని పైపుల వెంట నడిపిస్తూ ఒక ఆట మొదలుపెట్టాడు.

“ఇక్కడేం వాసనొస్తోందే పిట్టా?”

“గ్రీజు.”

“ఇక్కడ?”

“దగ్గు మామయ్య సిగరెట్టు!”

ఆట అయ్యాక అద్దంలా మెరిసే ఐసుముక్క బహుమతి. అమ్మకి చెప్పకూడదని షరతు. చెప్తే అమ్మ ఐసు తిననివ్వదన్నాడు. అది నిజమే కాబట్టి పిట్ట నోరు మెదపలేదు.

దగ్గు మామయ్య అంటే దిమ్మలు లాగే పనివాడు, ముక్కుగారికి ప్రాణస్నేహితుడు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునేవారు. సిగరెట్ల పుణ్యమా అని ఆయన పొద్దస్తమానం దగ్గుతూనే ఉండేవాడు, అందుకని అందరూ ఆయన్ని దగ్గు అనే పిలిచేవారు, ఆ దగ్గుని చెవిన వేసుకోవడం మాత్రం మానేశారు. పిట్ట ఒకనాడు ఒక వాల్వు దగ్గర ముక్కు చిట్లించి ఛీ అంటే, ముక్కుగారు వెంటనే దాన్ని బిగించాడు. ఆ గ్యాసు ఇంకాసేపు కారి ఉంటే ఏమయ్యేదోనని అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు, అందరికంటే ముందు దగ్గు. ఆ రోజుతో ఆయనలో భయం పోయింది. తన కూతుర్ని ఆ పైపుల దగ్గర తిప్పుతున్నానన్న ఆలోచన కూడా దాంతోనే పోయినట్టుంది.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. లోపల జరిగింది తర్వాత దగ్గూ, ముక్కుగారి ఇంట్లోవాళ్ళూ చెప్పారు, బయట జరిగింది నేను చూశాను.

ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. అలాంటి రోజుల్లో పనివాళ్ళందరూ భోజనాలయ్యాక ఐసు తొట్టికీ మిషను రూముకీ మధ్యనున్న సందులో నడుం వాల్చేవారు. ఊళ్ళో అంత చల్లటి చోటు ఇంకెక్కడుంది? నన్నూ రమ్మని గేటు దగ్గర్నించి కేకేశారు. సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కా ఉండి నేను వెళ్ళలేదు.

గోనెసంచి పరుచుకుంటూ దగ్గు ఆగాడు.

“బావా, ఇవాళ వాసన కొంచెం ఎక్కువగా లేదూ?”

ముక్కుగారు పిట్ట వైపు చూశాడు. ఇందాకే ఇద్దరూ పైపులన్నీ తిరిగొచ్చారు. అడిగిన ప్రతిచోటా ఏమీ లేదు నాన్నా, ఏమీ లేదు నాన్నా అని చెప్పి, పిట్ట తన ఐసుముక్క తీసుకుంది.

“మామూలు వాసనే. ఆ సిగరెట్లు మానేసి చూడు, అంతా బాగానే ఉంటుంది” అన్నాడు.

అందరూ నవ్వారు. దగ్గుకి మనసు ఒప్పలేదట. కానీ ముక్కుగారు నింపాదిగా అన్నం తింటున్నాడు. ఆయన అలా తింటుంటే ఇంకెవరికి భయం? ఒక్కొక్కరే పడుకున్నారు. పిట్టని కూడా ఎండ తగ్గాక పోదువు గానిలే అని పక్కన పడుకోబెట్టుకున్నాడు.

ఆయన గోడకి చేరగిలబడి కూతుర్ని చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు కొంచెం మండుతున్నాయి, ఎండకి అనుకున్నాడు. పిట్ట నోరు తెరుచుకుని నిద్రపోతోంది. దాని నోరు నిద్రలోనే మూతపడుతుందని వాళ్ళమ్మ రోజూ వేళాకోళం చేసేది. అది గుర్తొచ్చి నవ్వుకోబోయి, ఆగిపోయాడు. పిల్లని కుదిపి లేపాడు.

“నోరు మూసుకుని ముక్కుతో పీల్చవే.”

పిట్ట పీల్చింది. ముక్కు గుర్రుమంది తప్ప గాలి పోలేదు.

“ఎప్పట్నుంచే ఇది?”

“నిన్నట్నుంచి.”

“మరి చెప్పలేదేం?”

“చెప్తే ఐసు ఇవ్వవుగా.”

అప్పుడు వినిపించింది ఆయనకి దగ్గు. స్నేహితుడొక్కడే కాదు, ఆ పక్కవాడు, ఆ అవతలివాడు, నిద్రలోనే అందరూ దగ్గుతున్నారు.

లేవండి, బయటికి పొండి అన్న కేక నా కొట్టులోకి వినిపించింది. కంప్రెసర్ మోత టక్కున ఆగింది. ఎండాకాలమంతా చెవుల్లో ఉన్న మోత ఆగేసరికి చొక్కా వదిలేసి గుమ్మంలోకి వచ్చాను. గేటులోంచి ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చారు. పిల్లని భుజాన వేసుకుని ముక్కుగారు వచ్చాడు. పనివాళ్ళలో అందరికంటే వయసులో పెద్దవాణ్ణి ఇద్దరు చంకల కింద చేతులేసి లాక్కొచ్చి నా కొట్టు నీడలో పడుకోబెట్టారు. ఆయన రొమ్ము ఎగసిపడుతోంది, ఊపిరి మాత్రం అందడం లేదు.

కంప్రెసర్ ఆగినా పైపుల్లో ఉన్న గ్యాసు బుసకొడుతూనే ఉంది. ఎక్కడ కారుతోందో కనిపెట్టి ఆ వాల్వు కట్టెయ్యాలి. “తప్పుకోండి, ముక్కుగారున్నారు” అని గుంపులో ఎవరో అన్నారు. దగ్గు నా కొట్టులోని నీళ్ళకుండలో రెండు తువ్వాళ్ళు ముంచి, ఒకటి ముఖానికి చుట్టుకుని రెండోది స్నేహితుడికిచ్చాడు. చేతిలో రెంచీ ఉంది.

“పద బావా. ఎక్కడో నువ్వు చూపించు, నేను బిగిస్తాను.”

ముక్కుగారు తువ్వాలు అందుకున్నాడు. గేటు వైపు అడుగు కూడా వేశాడు. అది నేను కళ్ళారా చూశాను, అందుకే ఆ మనిషిని ఇంకా క్షమించలేకపోతున్నాను. అప్పుడు పిట్ట ఆయన చొక్కా పట్టుకుంది.

“నేను రానా నాన్నా?”

“నువ్వెందుకే తల్లీ, ఇక్కడే ఉండు” అన్నాడు దగ్గు.

“నాన్నకి వాసన రాదుగా. రోజూ నేనేగా చెప్తాను.”

దగ్గు ముఖం మీది తువ్వాలు కిందికి లాగాడు. బావా అని పిలిచాడు. ఆ పిలుపు నాకింకా చెవుల్లో ఉంది. ఈలోగా ముక్కుగారి భార్య పరుగెత్తుకొచ్చింది. ఆయన్నీ, ఆయన చేతిలో తువ్వాలునీ, పిల్లనీ చూసింది.

“చెప్పేశానన్నారు కదండీ” అంది. అంతే.

దగ్గు రెంచీ కింద పడేశాడు. పిట్టని ఎత్తుకుని రోడ్డు దాటించి నా మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఫైరింజనుకి ఫోను చెయ్యమని నాకు చెప్పి, ఇళ్ళలో వాళ్ళందర్నీ వీధి చివరికి పొమ్మని అరుస్తూ వెళ్ళాడు. పడిపోయినవాణ్ణి మోసుకుని అందరూ కదిలారు. గేటు దగ్గర తడి తువ్వాలు పట్టుకుని ఆయనొక్కడే మిగిలాడు.

నేను ఫోను పెట్టేసి పిట్ట చెయ్యి పట్టుకున్నాను. అది లేవలేదు.

“నేను తప్పు చెప్పానా?”

“లేదమ్మా. పద, వెళ్దాం.”

దాని ముక్కు కారుతోంది. ఒక గుడ్డముక్క ఇచ్చి చీదుకోమన్నాను. గట్టిగా చీదింది. మూతి తుడుచుకుని, నాన్న నేర్పినట్టే తల కొంచెం పైకెత్తి గాలి పీల్చి చూసింది. దాని ముఖం వెలిగింది.

“ఇప్పుడొస్తోంది. ఇక్కడ కూడా వస్తోంది. వెళ్ళి నాన్నకి చెప్పనా?”