‘మీ బాపును తోల్కరా’

కోవిడ్ తరువాత బడులు తెరిచిన రెండో ఏడాది. దాజీ పేట్ అనే నేతగాళ్ల పేటలో, సాంచాల మధ్య ఉన్న ఒక హైస్కూల్లో నేను పదో తరగతి క్లాస్ టీచర్‌ని. సాంచా అంటే పవర్‌లూమ్. ఆ చప్పుడు మీద గొంతు లేపి పాఠం చెప్పీ చెప్పీ నెమ్మదిగా మాట్లాడడమే మరిచిపోయాను.

మస్టర్, అంటే హాజరు పుస్తకం, ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. వరుసగా చాలా రోజులు రాని పిల్లల పేర్లే డ్రాపవుట్ లిస్టుకు ఎక్కుతాయి. లావణ్య పేరు ఎక్కలేదు. ఒక వారం వచ్చేది, ఒక వారం వచ్చేది కాదు. అడిగితే జ్వరమనేది. వారం విడిచి వారం వచ్చే జ్వరమేమిటని నాకు ఒళ్లు మండింది. బోర్డు పరీక్ష నెత్తిమీదికి వస్తోంది.

“సోమారం పదిగంటలకు మీ బాపును తోల్కరా. లేకుంటే క్లాసుల కూసోనియ్య” అన్నాను, ఒక శనివారం.

సోమవారం వాళ్ల నాన్న నర్సయ్య వచ్చాడు. నేను పాఠం ముగించి బయటికి వచ్చేసరికి వరండా బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కిటికీల్లోంచి పిల్లలు నవ్వుతున్నారు. నాకు తిక్క రేగింది.

“ఏందే, పొద్దుగాల్నే తాగొచ్చిండా మీ బాపు?” అని పక్కనే నిలబడ్డ లావణ్యను అడిగాను, అందరూ వినేట్టు.

ఆ పిల్ల తండ్రిని లేపి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మళ్లీ రాలేదు.

వారమైనా మనసు నిలవలేదు. మస్టర్ ముందేసుకుని చూస్తుంటే తట్టింది, సాంచాల మీద పాళీ, అంటే షిఫ్టు, మారేది వారానికొకసారి! మా నాన్న కూడా సాంచా నడిపినవాడే. రాత్రిపాళీ చేసి వచ్చి అన్నం కంచం ముందే ఆయన కునికిపాట్లు పడడం చూస్తూ పెరిగాను. నాకు తెలియాల్సింది కాదా? సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాను. నన్ను చూసి నర్సయ్యే చేతులు జోడించాడు.

“తప్పైంది సారూ. రాత్పాళీ జేసి సీదా అచ్చిన. కూసున్నకాడ్నే నిద్రవట్టింది. నేను దారు ముట్ట, తాగెటోణ్ని గాదు.”

“తప్పు నాదన్నా” అన్నాను. లావణ్య వైపు తిరిగి, “జ్వరమని ఎందుకు జెప్పినవమ్మా?”

“బాపుతోని అమ్మ గూడ కండెలు చుట్ట పోతది సార్. పగటిపాళీ ఉంటే తమ్మున్ని ఎంట తీస్కపోతది. రాత్పాళీ వారం పగలు ఇద్దరు పండుకుంటరు. తమ్మున్ని ఎవరు జూస్తరు? గదంత జెప్తే బాపు ఇజ్జత్ పోతదని.”

“రేపట్నుంచి రా. తమ్మున్ని గూడ తోల్కరా, నేను జూస్కుంట.”

“వద్దు సార్. అందరు నవ్విండ్రు.”

మర్నాడు క్లాసు ముందు నిలబడి నిజం చెప్పాను. పిల్లలు తలలు దించుకున్నారు. వినాల్సిన పిల్ల మాత్రం లేదు.

ఏడాది చివర మా గుమాస్తా డ్రాపవుట్ లిస్టు తెచ్చాడు. “కారణం ఏం రాయాలె సార్? ఇంటి పరిస్థితులు?” అందరికీ అదే రాస్తాం. “క్లాస్ టీచర్ అని రాయి” అన్నాను. పరాచికమనుకుని నవ్వి, ఇంటి పరిస్థితులనే రాశాడు.

ఇప్పుడు ఎవరినీ బడికి పిలిపించను. ఏ పాళీయో కనుక్కుని నేనే పోతాను. పేదరికం లావణ్యను సగం రోజులైనా బడికి రానిచ్చింది. నా ఒక్క మాట అది కూడా రానివ్వలేదు.