చెల్లెలికి నేను మోసిన సీసాలు

మా చెల్లెలు కానిస్టేబులు ఉద్యోగానికి రాతపరీక్ష పాసైందని ఫోన్ వచ్చినప్పుడు, గుంతకల్లు స్టేషన్లో టిక్కెట్ల కౌంటరు వెనక కూర్చుని ఏడ్చాను. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ నెలజీతం లేదు. అమ్మా నాయనా కంబదూరు దగ్గర వానను నమ్ముకుని వేరుశనగ వేసేవాళ్లు. ఇక మిగిలింది పరుగు పరీక్ష. చెల్లెలు చేని పనికి పోకముందే లేచి తారురోడ్డు మీద పరిగెత్తేది. బాగా పరిగెత్తేది కూడా. కానీ మనిషి బక్కపలచన. రక్తం తక్కువని బడిలో చదివేటప్పుడే డాక్టర్లు చెప్పారు.

ఆమెకు నావంతుగా ఏదైనా చేయాలనిపించి ఎనర్జీ డ్రింకు సీసాలు కొన్నాను. డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి మాలో చాలామంది అవే తాగేవాళ్లు, నేనూ తాగేదాన్ని. సీసా మీద పరిగెత్తే మనిషి బొమ్మ ఉండేది. అంతకంటే రుజువు నాకు అక్కర్లేకపోయింది. వారపు సెలవుకు ఊరెళ్లినప్పుడల్లా సంచినిండా అవే. గుడ్లూ పాలూ కొనిపెట్టొచ్చన్న ఆలోచనే రాలేదు. ఆ సంచితో బస్సు దిగి వీధిలో నడవడం నాకు గొప్పగా ఉండేది, అబద్ధమెందుకు.

"ఇది తాగితే ఆయాసం రాదంట మే. పరిగెత్తేముందు ఒకటి తాగు."

"మందు మాదిరి ఉండాదే అక్కా," అని ముఖం చిట్లించింది. అక్క తెచ్చిందని తాగింది.

మొదట్లో వేగం పెరిగినట్టే కనిపించింది. కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం గడప మీద నా పక్కన వచ్చి కూర్చుంది.

"అక్కా, పండుకుంటే నిద్ర పట్టడంలేదు. ఊరికే కూర్చున్నా గుండె దడదడ కొట్టుకుంటాండాది. చేతులు గూడా వణుకుతాండాయి."

"పరీక్ష దగ్గర పడతాంది కదా, భయం. ఏం కాదులే."

ఆ మాట అనడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎంతకు మించి తాగకూడదో సీసా వెనకే సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. రోజంతా టిక్కెట్ల మీద అంత సన్న అక్షరాలే చూసేదాన్ని, అది మాత్రం చదవలేదు.

పరుగు పరీక్షకు అనంతపురం నేనే తీసుకెళ్లాను. అమ్మ చిత్రాన్నం కట్టిచ్చింది. చెల్లెలు ముద్ద నోట్లో పెట్టుకుని, వాంతికొచ్చేట్టుందని ఉమ్మేసింది. సరే ఇదన్నా తాగమని సీసా మూత తీసిచ్చాను. ఆమె వంతు రావడం ఆలస్యమైంది, ఎండ ముదిరింది. మళ్లీ ఇంకొకటి ఇచ్చాను.

కంచె బయట నిలబడి చూశాను. మొదట్లో అందరికంటే ముందుంది. చివరి చుట్టులో అడుగులు తడబడ్డాయి. తాగినవాళ్లలా అటూ ఇటూ తూలి, ముగింపు గీత ఇంకా కొంచెం దూరంలో ఉండగానే ముందుకు పడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూస్తూ అడిగింది. "పొద్దున ఏం తినింది?"

"చిత్రాన్నం తినింది మేడమ్."

"మందులేమైనా వాడుతుందా? ఇంకేమైనా తాగిందా?"

"లేదు మేడమ్."

ఖాళీ సీసాలున్న సంచిని కాలితో బల్ల కిందికి తోశాను. ఎందుకు తోశానో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. సిగ్గు అనుకుంటాను. వాళ్లు సెలైన్ పెట్టారు, ఈసీజీ తీశారు. గుండె వేగం మాత్రం తగ్గడంలేదు. డాక్టరమ్మ కాగితం చూస్తూ నుదురు ముడిచింది. దుప్పటి మీద చెల్లెలి వేళ్లు వణుకుతున్నాయి. అప్పుడు లేచి, సంచి తెచ్చి, సీసాలు తీసి డాక్టరమ్మ ముందు పెట్టి, పొద్దున ముద్ద కూడా మింగలేదని చెప్పాను.

ఆమె నన్ను తిట్టలేదు. "ముందే చెప్పాల్సిందమ్మా," అంది. ఇందులో ఉండే కెఫీన్ గుండెను పరిగెత్తిస్తుందనీ, నిద్ర చెడగొడుతుందనీ చెప్పింది. రక్తం తక్కువున్న పిల్ల, నిద్రలేక, ఖాళీ కడుపుతో, ఎండలో పరిగెత్తితే శరీరం ఎంతకని తట్టుకుంటుందని అడిగింది. "చక్కెరా కెఫీనూ అన్నం కాదమ్మా. నీళ్లు, తిండి, నిద్ర. పరిగెత్తేవాళ్లకు అవే కావాలి."

సాయంత్రానికి గుండె నెమ్మదించింది. గుండెలో లోపమేమీ లేదన్నారు. ఉద్యోగం మాత్రం చేజారింది.

ఇంటికి రాగానే అమ్మ ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే చెల్లెలు అంది, "ఎండదెబ్బమ్మా."

అమ్మ వీధిలో అడిగినవాళ్లందరికీ అదే చెప్పింది. చెప్పి చివర్లో తనే ఒక మాట కలిపేది, "నేనే పిల్లకు బలంగా పెట్టుకోలేకపోతి." ఆ మాట చాలా రోజులు విన్నాను. చివరికి అమ్మా నేనూ కూర్చుని విత్తనానికి వేరుశనగకాయలు వలుస్తున్నప్పుడు అంతా చెప్పేశాను.

అమ్మ చేతులు ఆగాయి. "నువ్వు గూడా తాగుతాంటివా?"

"ఊఁ."

"ఇంగ తాగొద్దు."

అంతే, మళ్లీ కాయలు వలవసాగింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రోజు నాకు నిద్రపట్టేది.

చెల్లెలు మళ్లీ పరిగెత్తుతోంది, వచ్చే నోటిఫికేషన్ కోసం. నిద్ర బాగా పడుతోందట. మొన్న ఊరెళ్లినప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"నా మీద కోపం లేదా మే నీకు?"

"ఉండాది," అంది, బూటు లేసు బిగించుకుంటూ. "అవి తెచ్చినందుకు కాదు. గుండె కొట్టుకుంటాండాదని చెప్తే నువ్వు ఇనలేదు చూడు, దానికి."

ఆమె లేచి దుమ్ము దులుపుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయింది.