చుక్కపిట్ట చెంప

తాత స్టూడియోలోకి ఎవరు ఏ మొహంతో వచ్చినా, ఫొటోలో మాత్రం నున్నటి మొహంతోనే బయటికి వెళ్ళేవారు. అందుకే ఊళ్ళో ఆయన్ని నున్నటాయన అనేవారు. పొక్కులు, గాట్లు, కంటి కింద నలుపు, పళ్ళ మధ్య సందు, అన్నీ ఆయన చేతిలో మాయమయ్యేవి. రీళ్ళ కాలంలో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో చుక్కలు పెట్టి మచ్చలు పూడ్చేవాడు. తర్వాత కంప్యూటరు వచ్చింది, పెన్సిల్ పోయి మౌసు వచ్చింది. పని మాత్రం అదే. "దేవుడు తొందర్లో చేసి పంపిస్తాడు, నేను నిదానంగా సర్దుతాను" అనేవాడు. ఆ మాట దేవుడి చెవిన ఆలస్యంగా పడినట్టుంది. లేకపోతే శిక్ష వేయడానికి ముసలితనం దాకా ఆగేవాడు కాదు.

ఇంట్లోవాళ్ళకు కూడా మినహాయింపు లేదు. ముందుగది గోడకు పెళ్ళిఫొటో ఒకటి ఉంది. అందులో తాత పక్కన నిలబడ్డ పెళ్ళికూతురి గడ్డం అద్దంలా ఉంటుంది. నానమ్మ గడ్డం మీదేమో మిరియపు గింజంత పుట్టుమచ్చ. కొత్తగా వచ్చినవాళ్ళు ఫొటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూస్తే, "ఆవిడ మా ఆయన మొదటి పెళ్ళాం, నేను రెండోదాన్ని" అని చెప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయేది. వాళ్ళు నమ్మి తాతవైపు జాలిగా చూసేవారు.

ఎవరి మొహం వాళ్ళే ఫోన్‌లో తీసుకోవడం మొదలుపెట్టాక స్టూడియో మూతపడింది. ఊరికే కూర్చుంటే తోచని మనిషి, పొడవాటి లెన్సు ఒకటి సంపాదించి ఊరి వెనక అడవిలో పిట్టల వెంట పడ్డాడు. పిట్టల్ని "గడ్డం కొంచెం పైకి, ఆఁ, నవ్వండి" అనడానికి లేదు. మొదట్లో ఆయన తెచ్చిన ఫొటోల్లో పిట్ట ఎగిరిపోయాక ఊగుతున్న కొమ్మలే ఉండేవి. "కొమ్మ బాగా నవ్వింది" అనేది నానమ్మ. పోనుపోనూ పని పట్టుబడింది. మట్టిరంగు చొక్కా, వాగు పక్కన పొద వెనక మడతకుర్చీ, లెన్సు కింద ఇసుకసంచి, పిట్ట రాకముందే అది వాలబోయే కొమ్మ మీద ఫోకసు. నానమ్మ కూడా అల్లిక సంచి పుచ్చుకుని వెళ్ళేది, ఇంట్లో గోడలు చూడడం కంటే నయమని.

అలా ఒక పొద్దున ఓ బూడిదరంగు పిట్ట వచ్చింది. గుప్పెట్లో పట్టేంత ఉంది. చెట్టు మాను మీద తలకిందులుగా దిగుతూ, సరిగ్గా ఎండ పడేచోట ఆగి, మెడ తిప్పి వీళ్ళనే చూసింది. తెల్లటి చెంప, ఆ చెంప మీద నల్లటి చుక్క. తాత ఊపిరి బిగబట్టి నొక్కాడు. నానమ్మ సూదులు ఆపింది.

మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని తాత ఆ ఫొటోని ముస్తాబు చేశాడు. చుట్టూ కత్తిరించి పిట్టని మధ్య నుంచి కొద్దిగా పక్కకు జరిపాడు. నీడలో ఉన్న పొట్టకి వెలుతురు పెంచాడు. అడ్డొచ్చిన గడ్డిపోచను తుడిచాడు. అదే ఊపులో మౌసు చెంప దగ్గరికి వెళ్ళింది. ఇంత లక్షణమైన మొహానికి ఈ మచ్చేమిటి పాపం అనుకున్నాడు. పక్కనున్న తెల్లటి ఈకల్ని తెచ్చి చుక్క మీద కప్పాడు. ఎంతమంది పెళ్ళికూతుళ్ళకు చేశాడో, దీనికీ అంతే. ఆ తర్వాత ఫొటోని, ఊళ్ళో పిట్టల్ని చూసేవాళ్ళు పెట్టుకున్న పిట్టల సంఘానికి ఫోన్‌లో పంపి కునుకు తీశాడు.

లేచేసరికి ఫోను మోగుతోంది. పిట్టల సంఘానికి పెద్ద టీచరమ్మ. ఒకప్పుడు బళ్ళో సైన్సు చెప్పిన ఆవిడ ఇప్పుడు బడిపిల్లలా ఆత్రపడుతోంది.

"ఫొటోగ్రాఫర్‌గారూ, ఇది ఎక్కడ దొరికింది మీకు?"

"మన వాగు దగ్గరేనండి. ఏం, బాలేదా?"

"బాలేకపోవడమేంటండీ. మన అడవిలో ఉండేది చుక్కపిట్ట. చెంప మీద చుక్క ఉంటుంది. మీరు తీసింది తెల్లచెంప. అది ఎగువ కొండల్లో తప్ప ఉండదు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వెతుకుతున్నా, ఒక్కసారి కూడా కనపడలేదు."

తాత ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చుక్క సంగతి ఆ క్షణంలో ఆయనకు నిజంగానే గుర్తులేదు. చేత్తో చేసిన పని తలకు తెలియకపోవడం ఆయనకు కొత్తేమీ కాదు. ఫోను తీసుకెళ్ళి నానమ్మ మొహం ముందు పెట్టాడు.

"చూడు. అరుదైన పిట్టంట."

నానమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఫొటోని చూసి, గోడ మీది పెళ్ళిఫొటోని చూసి, తాతని చూసింది.

"దీని చుక్కేదండీ?"

"ఏం చుక్క?"

"పొద్దున మనవైపు తిరిగినప్పుడు ఉందిగా, చెంప మీద. దీన్ని కూడా మొదటి పెళ్ళాన్ని చేసేశారా?"

తాత గబగబా కంప్యూటరు దగ్గరికి వెళ్ళి అసలు ఫొటో తెరిచాడు. చుక్క ఉంది. నిగనిగలాడుతూ, నన్ను చెరిపిందెవరు అన్నట్టు ఉంది.

"ఫోన్ చేసి చెప్పెయ్యండి" అంది నానమ్మ.

"చెప్తాలే. సంతోషంగా ఉంది పాపం, ఇప్పుడే ఎందుకు. రేపు మీటింగ్ ఉందిగా."

మర్నాడు లైబ్రరీ వెనకగదిలో మీటింగు. తాత లోపలికి అడుగు పెట్టగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ ఆయన్ని ఏడిపించే టైలరు కూడా కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టాడు. "బాబాయ్, ఇన్నాళ్ళూ నువ్వు కొమ్మల ఫొటోగ్రాఫరువనుకున్నాం, క్షమించు" అన్నాడు. టీచరమ్మ ఆ ఫొటోని పెద్దగా అచ్చు వేయించి గోడకు పెట్టింది. కింద తాత పేరు కూడా వేసింది. తాత నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ, "నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. అడవిలోకి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. కానీ ఈ ఆదివారం నేనూ వస్తున్నా. పాక్కుంటూ అయినా వస్తా" అంది. తాత తెరిచిన నోట్లో ఎవరో బిస్కెట్ పెట్టారు. నమిలి మింగాడు. దాంతోపాటే చెప్పాల్సిన మాట కూడా లోపలికి పోయింది.

ఆదివారం దాకా తాత తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. గట్టిగా అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. టైలరు ఎదురొస్తే సందు మార్చాడు. గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహం చూడలేక సగంలో ఆపేశాడు. నానమ్మ అన్నం వడ్డిస్తూ, "చెప్పారా?" అని మాత్రం అడిగేది. ఆ ఒక్క ముక్కకీ కూర చేదెక్కేది.

ఆదివారం తెల్లవారాక అందరూ అడవి గేటు దగ్గర చేరారు. గేటు దగ్గరే చెప్పేద్దామనుకున్నాడు తాత. టీచరమ్మ అప్పుడే కర్రతో మొదటి అడుగు వేసింది. నవ్వుతూ వేసింది. సరే, వాగు దగ్గర చెప్దామనుకున్నాడు. దారి ఎత్తుగా ఉన్నచోట టైలరు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, తాత మడతకుర్చీ మోశాడు. దారి పొడుగునా ఆవిడ ఆగి మోకాలు రుద్దుకున్నప్పుడల్లా, ఆ నొప్పి తన చేత్తో పెట్టినట్టే అనిపించింది. పెట్టింది తనే కదా మరి.

వాగు దగ్గర కుర్చీ వేశారు. టీచరమ్మ బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని కూర్చుంది. ఎంతోసేపు కూడా పట్టలేదు. అదే చెట్టు, అదే మాను, అదే బూడిదరంగు పిట్ట. ఆవిడ బైనాక్యులర్ ఎత్తింది. కదలకుండా మోచేతులు పొట్టకు ఆనించుకుంది. పిట్ట మెడ తిప్పింది.

"చుక్క ఉంది" అంది ఆవిడ మెల్లగా. "ఇది మన చుక్కపిట్టే. ఫరవాలేదు, తెల్లచెంప కూడా వస్తుంది. ఇంకాసేపు కూర్చుందాం."

ఆ "ఇంకాసేపు" అన్న మాట తాతకు తగలరాని చోట తగిలింది.

"రాదు టీచర్‌గారూ" అన్నాడు.

"ఏం?"

"అది... ఇదేనండి. ఈ పిట్టే. చుక్క నేను తీసేశా."

అందరి తలలూ పిట్టవైపు నుంచి తాతవైపు తిరిగాయి. వాగు మాత్రం దాని పాటికది పోతోంది.

"తీసెయ్యడమేంటి బాబాయ్?" అన్నాడు టైలరు.

"మచ్చనుకున్నాన్రా. అలవాటులో పొరపాటు. మర్నాడే చెప్పాల్సింది. మీరంతా చప్పట్లు కొట్టారు. చెప్పలేకపోయా."

తాత తల వంచుకుని కెమెరాలో ఉన్న అసలు ఫొటో తెరిచి ఆవిడ చేతికిచ్చాడు. తిడితే బాగుండుననుకున్నాడు. టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసి, తెరని మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎంత బాగుందండీ ఇది" అంది చివరికి. "ఇదే పంపాల్సింది కదా."

తిట్టు అయితే తుడుచుకునేవాడు. ఈ మాటని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక తాత వాగులోకి చూస్తూ నిలబడ్డాడు.

తిరుగుదారిలో టైలరు నోరు ఊరుకోలేదు. "ఈసారి ఏనుగుని తీసేటప్పుడు జాగ్రత్త బాబాయ్, తొండం మచ్చనుకోగలవు" అన్నాడు. అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది, కాకపోతే కర్ర మీద కాస్త ఎక్కువ బరువు వేసి నడిచింది. తాత అందరికన్నా వెనక, కుర్చీ మోసుకుంటూ వచ్చాడు. లైబ్రరీకి వెళ్ళి గోడ మీది ఫొటోని తనే విప్పి, చుట్టి, చంకలో పెట్టుకుని ఇల్లు చేరాడు.

నానమ్మ అరుగు మీద బఠాణీలు ఒలుస్తోంది. ఆయన మొహం చూసి, ఈసారి అడగలేదు.

"చెప్పేశా" అన్నాడు తాత, ఆవిడ పక్కన కూలబడుతూ.

"ఊఁ."

కాసేపు ఆయన కూడా బఠాణీలు ఒలిచాడు. గింజలు కింద, తొక్కలు గిన్నెలో వేశాడు. నానమ్మ ఏరి సరిచేసింది.

"ఒకసారి ఇటు తిరుగు" అన్నాడు తాత.

"ఎందుకండీ?"

"చూస్తా."

"ఇన్నేళ్ళూ చూళ్ళేదా?"

ఇన్నేళ్ళూ ఆయన ఏ మొహంలోనైనా తీసెయ్యాల్సినదాన్నే చూశాడు. నానమ్మ తిరిగింది. గడ్డం మీద మచ్చ ఉన్నచోటే ఉంది, కాస్త పెద్దదైంది, పైన తెల్లటి వెంట్రుక ఒకటి మొలిచింది.

"ఇలాగే ఉండు, కెమెరా తెస్తా. ఒక ఫొటో తీస్తా."

"తీసి?"

"ఏం చెయ్యను. ఉన్నదున్నట్టు ఉంచుతా."

నానమ్మ బఠాణీ చీలుస్తూ ఆయన కుడిచేతిని ఓరకంట చూసింది.

"మీరు సరే. అది వింటుందా?"

తాత ఆ చేతిని తీసి ఎడమచేతి కింద దాచుకున్నాడు.