సుత్తి దెబ్బలు కనిపించని కత్తులు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, వానాకాలంలో, నాంపల్లిలోని ఒక సర్కారీ ఆఫీసులో సీనియర్ ఫొటోగ్రాఫర్‌గా ఉన్నప్పుడు నాకు చేతితో చేసిన కత్తుల ఫొటోలు తీసే పని పడింది. హస్తకళల ప్రదర్శనలో స్టాలు, కళాకారుడి గుర్తింపు కార్డు ఎవరికివ్వాలో ముగ్గురు సభ్యుల కమిటీ తేల్చేది. వాళ్లు వస్తువును చూడరు, ఫొటోనే చూస్తారు. మిషన్ మీద చేసిందనిపిస్తే దరఖాస్తు అక్కడితో సరి.

అఫ్జల్‌గంజ్ వెనక గల్లీలో కొలిమి నడిపే నర్సింహాచారి ఆరు కత్తులు గోనెసంచిలో చుట్టుకొచ్చాడు. కత్తుల పలకల మీద సుత్తి దెబ్బలు చేప పొలుసుల్లా వరసగా ఉన్నాయి. చేతిపని అని తెలియాలని, నునుపు చేయకుండా కావాలనే వదిలేసేవాడు. కొలిమి ఖాళీ చేయమని ఇంటి ఓనరు తొందరపెడుతున్నాడు. కార్డు చేతికొస్తే వేరే జాగా కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆయన ఆశ.

అబిడ్స్‌లో కొన్న డిజిటల్ కెమెరా మా ఆఫీసుకు వచ్చి వారమే అయింది. దాంతో వచ్చిన పుస్తకం నేను తెరవలేదు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు పుస్తకమేమిటన్న పొగరు. నెగటివ్ ఫిల్మ్‌లో వెలుతురు తక్కువైతే బొమ్మ పోతుంది, కాస్త ఎక్కువైతే ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. అందుకే ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువ ఇవ్వడం నాకు అలవాటు. ఇక్కడా అదే చేశాను. కెమెరా వెనక తెర మీద పలకలు మిణుకుమిణుకుమంటుంటే మెరుపు బాగా పట్టిందని మురిసిపోయాను. అది వెలుతురు మితిమీరిందని కెమెరా చేసే హెచ్చరిక.

చారి తెరలోకి వంగి చూశాడు. "గిది నా కత్తేనా సారూ? దెబ్బలు కనవడ్తలేవు," అన్నాడు.

"చిన్న తెరలో అంతే. ప్రింటులో వస్తాయి," అన్నాను. ఆయన నమ్మి కత్తులు చుట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు అబిడ్స్ ల్యాబ్‌లో ప్రింట్లు చూశాను. పలకలన్నీ తెల్లగా, నున్నగా ఉన్నాయి. ల్యాబ్ కుర్రాణ్ణి నల్లబరచి చూడమన్నాను. తెలుపు కాస్తా బూడిదరంగైంది, దెబ్బలు మాత్రం రాలేదు. డిజిటల్‌లో తెల్లబడిపోయిన చోట తిరిగి రాబట్టడానికి ఏమీ మిగలదు. గడువు ఆ సాయంత్రమే. ఆటో ఎక్కి అఫ్జల్‌గంజ్ వెళ్లి కత్తులు తెచ్చి మళ్లీ తీయొచ్చు. కానీ కొత్త కెమెరా వాడటం నాకు రాదని మా ఆఫీసరుకు తెలిసిపోతుంది. అవే ప్రింట్లు ఫైల్లో పెట్టాను.

కమిటీ ఒక్క వాక్యం రాసింది: మిషన్ తయారీ, తిరస్కరించడమైనది. తప్పు నాదేనని ఆ తర్వాత నోట్ పెట్టాను. ఫైలు మూసేశారని జవాబొచ్చింది.

చారికి నేనే చెప్పాను. ఆయన తిట్టలేదు. "ముప్పై ఏండ్ల సంది కొడ్తున్న. మిషన్ల చేసినయని రాసిన్రా?" అని, "నేను అప్పుడే చెప్పిన గద సారూ," అన్నాడు. దసరా లోపే కొలిమి తీసేశారు.

తర్వాత ఆ నాలుగేళ్లూ ఏ వస్తువు ఫొటో తీసినా చేసినవాళ్లకు తెర చూపించి, వాళ్లు ఔనంటేనే ప్రింటుకు పంపాను. కెమెరా పుస్తకం చదవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రోజు చారి మాట వినడానికి అంత సమయం కూడా అక్కర్లేదు.