దూతలకు అమ్మ ఉండదు

పోయిన మార్చి రెండో మంగళవారం, విజయవాడ నుంచి గుడివాడ వెళ్లే బస్సులో నా పక్కన ముప్పై ఏళ్ల ఆమె కూర్చుంది. బడి ఐడీ కార్డులోని ఫొటో చూపించి, "మా పాపండి. పోయి నాలుగు నెలలు. దేవదూత అయిపోయిందంటన్నారు చర్చిలో అందరూ" అంది.

సండేస్కూల్లో ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఊరుకోలేకపోయాను. "మనుషులు దూతలు అవరమ్మా. దూతల్ని దేవుడు వేరే చేశాడు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నిజంగానా మామ్మగారూ? దూతలకి అమ్మ ఉండదు గదా, నన్ను మర్చిపోయుంటదని ఏడుస్తన్నా. అయితే నన్ను గుర్తుపట్టుద్దా అండి?"

"గుర్తుపడుతుందమ్మా" అన్నాను.

అది బైబిల్లో ఏ వచనంలో ఉందని ఆమె అడగలేదు. కళ్లు తుడుచుకుని ఉయ్యూరులో దిగిపోయింది. ఆ వచనం కోసం బైబిలు ఇప్పటికి రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివాను.