కొంగుముడితోనే లేచాను

బొగ్గుగనిలో రిటైరై భూపాలపల్లిలో ఉంటున్నాను. పోయినేడాది జఫర్‌గఢ్ ఫంక్షన్ హాల్లో మా చిన్నమ్మాయి పెళ్లి. అరగంటకోసారి మూత్రానికి లేవాల్సిన బాధ నాది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు భయానికి పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

అయినా కన్యాదానానికి పీటల మీద కూర్చున్నానో లేదో మొదలైంది. నా కండువాకు, మా ఆవిడ కొంగుకు ముడి. అల్లుడి కాళ్ల మీద ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తుంటే, ఆ చప్పుడుకు నాకు చెమటలు పట్టాయి. మోకాళ్లు ఆడించాను, పళ్లు బిగించాను. ఇక ఆగలేక లేచి నిలబడ్డాను.

"కార్యం అయ్యేదాక ముడి ఇప్పొద్దు!" అన్నాడు అయ్యగారు.

"ఇప్పం తియ్యి. నేను గూడ పోత," అని మా ఆవిడ నా వెంటే నడిచింది.

బాత్రూంలో నేను, తలుపు బయట ఆమె, మధ్యలో కండువా. హాలంతా మావైపే చూస్తోంది.

తలదించుకుని బయటికొస్తే, ఎదురుగా మా వియ్యంకుడు పంచె పట్టుకుని తచ్చాడుతున్నాడు.

"బావా, జర జరుగు. ఎవరన్న ముందుగాల లేస్తరేమోనని గంట సంది సూస్తున్న!"

మరుసటి వారమే ఇద్దరం వరంగల్‌లో ప్రొస్టేట్ డాక్టరు దగ్గరికి వెళ్లాం. మందులతో ఇప్పుడు నయం. నాలుగేళ్లు దాచుకున్నందుకు నా మీద నాకే కోపం. ఆ రోజు ఆస్పత్రిలో మాత్రం, తీరా మా పేర్లు పిలిచే వేళకు ఇద్దరమూ కుర్చీల్లో లేము.