ఒక్క మంచం, రెండు డ్యూటీలు

మా చిన్నాయన మొగులప్ప 1960లో ఒక రాత్రి, గాఢనిద్రలో, కన్ను తెరవకుండానే, వాడి జంక్షన్ వైపు నుంచి దూసుకొస్తున్న గూడ్సుబండిని పక్క లైనులోకి మళ్లించాడు. నలభై డబ్బాల బండి. ఆయన మళ్లించకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సరే. నలభై డబ్బాలన్నది నా లెక్క. అసలు బండి కూడా అక్కడ లేదు. ఆ వేళకు అది వికారాబాద్ స్టేషన్లో ఉండి ఉంటుంది, ఈయన తాండూరులో తన ఇంట్లో మంచం మీద ఉన్నాడు. పట్టుకుని బలంగా గుంజింది ఇనుప లివరును కాదు, మా చిన్నమ్మ శాంతవ్వ మోచేతిని. గుంజడం మాత్రం నిజం. అబద్ధమాడితే నాలుక మీద సబ్బు రుద్దే సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి. అందుకని ఏ కథలోనైనా సగం నిజం కలుపుతాను, సబ్బు సగమే పడుతుందని.

ఇది మా చిన్నమ్మకు నిద్ర కరువైన ఏడాది కథ.

చిన్నాయన రైల్వేలో పాయింట్స్‌మన్. వచ్చే బండి ఏ పట్టాల మీదికి పోవాలో చూసి, నడుమెత్తు లివరును గుంజి పట్టాలు కలపడం ఆయన పని. 1948లో, నిజాం సర్కారు పోయిన కొత్తలో, ఆయన వికారాబాద్ స్టేషన్లో ఉండేవాడు. అదే పని చేసే అజమత్ ఒకరోజు వచ్చి బతిమాలాడు. వాళ్ల అమ్మకు పక్షవాతం, రాత్రిపూట వదిలి రాలేడు.

"ఒక్క నెల నా రాత్రులు నువ్వు చెయ్యి మొగులప్పా, నీ పగళ్లు నేను చేస్త" అన్నాడు.

ఆ ఒక్క నెల పన్నెండేళ్లు నడిచింది. అజమత్ తల్లి మూడేళ్లకే పోయింది. అప్పటికి ఇద్దరికీ అలవాటైపోయి, మళ్లీ మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

క్వార్టరు ఒక్క గది. అందులో ఒక్కటే నులక మంచం. తెల్లవారి ఆరింటికి చిన్నమ్మ లేచేది. ఆరుంపావుకు చిన్నాయన వచ్చి, లాంతరు గోడకు తగిలించి, ఆమె లేచిన చోటనే వాలేవాడు. సాయంత్రం ఆయన లేచి టోపీ పెట్టుకుని పోతే రాత్రికి మంచం మళ్లీ ఆమెది. పన్నెండేళ్లు ఆ మంచం చల్లారలేదు. వారానికి ఒక రాత్రి సెలవు ఉండేది గానీ, ఆ రాత్రి ఆయన నిద్రపట్టక స్టేషనుకే పోయి బెంచీ మీద కూర్చునేవాడు. మరి వాళ్లకు మార్త ఎట్లా పుట్టిందని అడుగుతారేమో. మార్త అంతకు పదేళ్ల ముందే పుట్టింది. మిగతాది నన్ను అడగకండి.

1960 మార్చిలో రైల్వే డాక్టరు చిన్నాయన కళ్లు చూసి, రాత్రి పని ఇక వద్దన్నాడు. తాండూరుకు బదిలీ చేసి పగటి డ్యూటీ ఇచ్చారు. అప్పటికి మార్తను ధారూర్‌లో ఇచ్చి పెళ్లి చేశారు కాబట్టి కదిలింది ఇద్దరే. కంది మండీ వెనక సందులో అద్దె ఇల్లు దొరికింది. నేలంతా తాండూరు బండలు పరిచిన గది, ముందు చిన్న అరుగు. స్టేషను మైలు దూరం. గాలి ఇటు తిరిగితే తప్ప బండి కూత వినపడదు.

నలభై అయిదేళ్ల ఆడమనిషీ యాభై దాటిన మగమనిషీ పక్కపక్కన పడుకోవడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. కొత్త పెళ్లికూతురికైతే ఎవరో ఒక ముసలమ్మ చెవిలో చెబుతుంది. వీళ్లకెవరు చెబుతారు?

చిన్నమ్మ పన్నెండేళ్లుగా ఈ మూల నుంచి ఆ మూలకు వాలుగా పడుకోవడం మరిగింది. చిన్నాయనకు చప్పుడు లేకపోతే నిద్ర రాదు. షంటింగు మోతలో, పిల్లల అరుపుల్లో, నడినెత్తిన ఎండలో నిద్రపోయిన మనిషి ఆయన. ఒకవేళ నిద్రపట్టినా, రాత్రి రెండూ పది కాగానే గూడ్సు వచ్చే వేళ అయిందని ఒంటికి తెలిసిపోయేది. చెయ్యి చాచి, దొరికిన లివరును పట్టి గుంజేవాడు. దొరికేది చిన్నమ్మ మోచెయ్యి.

ఆమె మొదటి నెలంతా ఓర్చుకుంది. తరువాత ఒక ఉపాయం చేసింది. మంచం పక్కన రోకలి నిలబెట్టి, ఆయన చెయ్యి దాని మీద పెట్టి పడుకుంది. ఉపాయం పారింది. రెండూ పదికి చిన్నాయన రోకలిని గుంజాడు. రోకలి బండల మీద పడిన చప్పుడుకు సందంతా లేచింది.

"అర్ధరాత్రి ఏం దంచుతున్నవే శాంతవ్వా?" అని తెల్లారి పక్కింటి భీమమ్మ అడిగింది.

"నా కర్మ దంచుకుంటున్న" అంది చిన్నమ్మ.

భీమమ్మ జాలిపడి తమ ఇంట్లో ఉన్న రెండో మంచం ఎరువిచ్చింది. గదిలో ఒకవైపు పొయ్యి, ఒకవైపు కందుల బస్తాలు, రెండు మంచాలు పట్టవు. కాబట్టి దాన్ని అరుగు మీద వేశారు. చిన్నాయన బయట, చిన్నమ్మ లోపల. మంచం ఇచ్చిన భీమమ్మే మూడో రోజుకు ఊరంతా చెప్పింది, మొగులప్ప అరుగెక్కిండని. మా ఊళ్లలో మగవాడి మంచం అరుగు మీదికి వచ్చిందంటే సంసారం చెడినట్టే లెక్క. ఆదివారం సాయంత్రం సంఘపెద్ద బైబిలు పట్టుకుని వచ్చి క్షమాగుణం గురించి గంటసేపు చెప్పాడు. వినేవాళ్లిద్దరూ ఆవలించారు. ఆవలింత అంటువ్యాధి కదా, చివరికి పెద్దమనిషి కూడా ఆవలిస్తూనే ప్రార్థన ముగించాడు. మర్నాడు భీమమ్మ మంచం భీమమ్మకు చేరింది.

ఆ వానకాలమంతా చిన్నమ్మ మొహం చూడలేకపోయేవాళ్లం. కళ్ల కింద మసి పూసినట్టు నలుపు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది, లేదా అసలు వేసేది కాదు. ఒక ఆదివారం చర్చిలో పాట పాడుతూ నిలబడే నిద్రపోయింది. పాట అయిపోయి అందరూ కూర్చున్నాక ఆమె ఒక్కతే నిలబడి ఉంది. కొత్తగా భక్తి కుదిరిందనుకున్నారు.

అప్పుడు నేను వికారాబాద్‌లో బడి పంతులుగా చేరి ఏడాది. నవంబరులో ఒక శనివారం పగటి బండికి తాండూరు పోయాను. చిన్నమ్మ అరుగు మీద చేట ముందు పెట్టుకుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ఏరడం అంటే, చెయ్యి పప్పులో ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఎట్లున్నవ్ చిన్నమ్మా?"

"నేనైతే బతికున్న దాసూ. నిద్రనే సచ్చింది."

"చిన్నాయన ఇంక గుంజుతున్నడా?"

"గుంజితే గుంజిండు, దానికి అలవాటైతుంటి. అది కాదు కొడుకా." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "వానలు పడ్డప్పటిసంది, పండుకోంగనే ఒళ్లంత పొయ్యిల పెట్టినట్టు మండుతది. చెమటలు. మెల్లగ దిగి బండ మీద పండుకుంట, అప్పుడు జర పానం సల్లగైతది. నడిజాముకు అదే బండ కొరుక్కతింటది. గంత సలి. పైకెక్కుదమంటె మంచం నిండ మీ చిన్నాయన. పగలంత నిలబడి వచ్చిన మనిషిని ఎట్ల లేపాలె? గోడకు ఆనుకొని కూసుంట. గట్లనే తెల్లారుతది."

"ఆయనకు చెప్పకపోయినవా?"

"మొగోనికి చెప్పే ముచ్చటనా ఇది?" అని ఒక రాయి తీసి పారేసింది. అది రాయి కాదు, కందిబద్ద. "క్రిస్మస్ దాటంగనే ధారూర్ పోత. మార్త ఇంట్ల ఒక మంచం ఖాళీగ ఉన్నదట. మల్ల రాను. మీ చిన్నాయనకు చెప్పకు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే సర్దిచెప్పేవాణ్ణి. ఉన్నదంతా అలసట. పోయి ఎక్కడో ఒకచోట పడుకోవాలన్న కోరిక తప్ప ఇంకేమీ మిగలని మనిషిలా ఉంది.

నేను స్టేషనుకు నడిచాను. చిన్నాయన మధ్యాహ్నం బండిని పంపించి బెంచీ మీద కూర్చున్నాడు. నన్ను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చాడు.

"మంచిగ వచ్చినవ్ దాసూ. నువ్వు కాన్వెంట్ల చదివినవ్, ఇంగ్లీషుల అర్జీ రాయొస్తది గద. నాకు రాత్రి డ్యూటీ మల్ల ఇయ్యుమని రాయి."

"డాక్టరు వద్దన్నడు గద చిన్నాయనా?"

"డాక్టరు నా కండ్లు జూసిండు. నా ఇల్లు జూసిండా?" పట్టాల వైపు తిరిగాడు. "నీ చిన్నమ్మ నా పక్కల ఉండలేకపోతున్నది. నేను కన్ను మూసిన్నో లేదో, దొంగ లెక్క దిగి కింద పండుకుంటది. పన్నెండేండ్లు ఎడమెడం ఉంటిమి, నా వాసన పడ్తలేదేమో. రెండింటికి చెయ్యి చాపుత, ఏం తగలదు, గాలిల ఆడుతది. మెలకువైతది. చూస్తె ఆమె గోడకు కూసొని ఉంటది. నేను లేచిన్నని తెలిస్తె బయటికే పోతదేమోనని కండ్లు మూసుకొని పండుకుంట. ఇట్ల అయిదు నెలలు. ఇగ నాతోని కాదు. రాత్రులు నేను ఇంట్ల లేకుంటె ఆమైన పండుకుంటది. ఆమెకు చెప్పనని ఒట్టెయ్యి."

కళ్లు పోతే పోనీ, ఆమె నిద్రపోతే చాలనుకున్నాడు ఆయన. ఇక్కడ ఈమె మూట కట్టుకుంటోంది. ఇద్దరూ నాతో ఒట్టు పెట్టించుకున్నారు, రెండోవాళ్లకు చెప్పొద్దని. ఒట్టు తప్పకుండా ఎట్లా చెప్పాలా అని నేను దారంతా ఆలోచించాను. సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషు నాకు అక్కరకు వచ్చింది ఆ ఒక్క రోజే.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. నేను జేబులోంచి కాగితం తీశాను.

"చిన్నాయనా, అర్జీ రాసిన. ఇంగ్లీషుల ఉన్నది. తెలుగుల చెప్త, సరిగ్గ ఉన్నదో లేదో విను."

ఆయన కన్ను చికిలించి వద్దు వద్దని సైగ చేశాడు. నేను చూడనట్టు చదివాను. "గౌరవనీయులైన దొరగారికి, పాయింట్స్‌మన్ మొగులప్ప మనవి. నా భార్య శాంతవ్వకు నా వాసన పడనందున, ఆమె నా పక్కన పడుకోలేకపోతున్నందున..."

అన్నం గరిటె నా చెవి పక్కనుంచి పోయింది.

"ఎవడు చెప్పిండు వాసన పడదని?" చిన్నమ్మ లేచి నిలబడింది. "ఏమయ్యా, నేను చెప్పిన్నా నీకు?"

"చెప్పుడెందుకు? రోజూ దిగిపోతున్నవ్ గద."

"నాకు మండుతది! నీ మీద కాదు, ఒళ్లే మండుతది. మా అమ్మకు గిట్లనే అయిండె ఈ ఈడుల."

చిన్నాయన ముద్ద పళ్లెంలోనే పెట్టేశాడు. "మరి నాకు చెప్పకపోతివి?"

"నువ్వు నిద్రపోతుంటివి."

"నేనేడ నిద్రపోయిన? రెండు గొట్టంగనె లేస్త. నువ్వు కూసుంటె చూసుకుంట పండుకుంట."

అయిదు నెలలు ఒకే గదిలో ఇద్దరూ మేలుకుని, రెండోవాళ్ల నిద్ర చెడగొట్టకూడదని ఊపిరి బిగబట్టుకుని ఉన్నారన్నమాట. నాకు నవ్వొచ్చింది. వాళ్లు నవ్వలేదు. వాళ్లకు నవ్వే ఓపిక కూడా లేదు. చిన్నమ్మ మెల్లగా కూర్చుంది. చిన్నాయనే బేరం మొదలుపెట్టాడు.

"రెండింటికి నేను ఎట్లాగు లేస్త. లేచినంక నాకు మల్ల నిద్ర రాదు. అప్పటిసంది మంచం నీది."

"అంతకు ముందు?"

"అంతకు ముందు నాది. నీకెట్లాగు బండ కావాలె. ఏడింటికే పండుకుంట నేను."

"ఏడింటికా? కోళ్లతోనా?"

"కోళ్లతోనే. ఆరింటికి బువ్వ పెట్టు."

"ఆరింటికి నాతోని కాదు. ఆరున్నర."

"సరే, ఆరున్నర. రెండూ పదికి నువ్వు పైకెక్కాలె. కూసునుడు లేదు."

"నువ్వు లేచి ఏంజేస్తవ్ మరి?"

"పప్పు ఏరుత. నువ్వు రాళ్లు ఉంచి పప్పు పారేస్తున్నవట." ఆగి, పళ్లెంలోకి చూస్తూ అడిగాడు. "ఆదివారం?"

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు లేచి చెయ్యి కడుక్కో పో."

కాబట్టి ఆదివారం సంగతి ఎట్లా తేలిందో నాకు తెలియదు.

ఒప్పందం ఆ రాత్రి నుంచే నడిచింది. రెండింటికి చిన్నాయన లేచి లాంతరు తీసుకుని అరుగు మీదికి పోయేవాడు. చలికి వణుకుతూ చిన్నమ్మ మంచం ఎక్కేది. ఆయన పడుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉండేది. తెల్లారేదాకా కదిలేది కాదు. ఆ ఏడు తాండూరు మొత్తంలో పంటికి రాయి తగలని పప్పు మా చిన్నమ్మ ఇంట్లోనే దొరికేది, మండీ సేట్లు వచ్చి చూసిపోయారు. సరే, సేట్లు రాలేదు. భీమమ్మ వచ్చింది. రాత్రిపూట అరుగు మీద దీపం కదులుతోందనీ, దయ్యమేమోననీ.

నిద్ర పూర్తిగా తీరిందని చెప్పను. ఆ ఈడులో ఎవరికి తీరుతుంది? నాలుగు గంటలు గట్టిగా పడుకునేది, మిగతాది కోడికునుకు. కానీ పప్పులో ఉప్పు మళ్లీ ఒక్కసారే పడింది. క్రిస్మస్ దాటాక ధారూర్ పోయింది. మార్త మంచం పెద్దది, మెత్తటి పరుపు, మనిషి ఒక్కతే. రెండు రాత్రులుండి మూడో పొద్దుటి బండికి వచ్చేసింది. ఎందుకు వచ్చావని చిన్నాయన అడిగితే, "గా మంచం సల్లగున్నది" అందట. మార్త చెప్పింది నాకు.

"వికారాబాద్‌ల నేను పన్నెండేండ్లు గట్లనే పండుకున్న. నువ్వు లేచిన జాగల" అన్నాడట చిన్నాయన.

ఇప్పుడు చిన్నాయన లేడు. చిన్నమ్మకు ఎనభై దాటాయి. ఇదంతా రాసి, మొన్న పోయి చదివి వినిపించాను. నులక మంచం మీద ఒక అంచుకు ఒదిగి, కళ్లు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అయిపోయిందా?" అంది కళ్లు తెరవకుండా.

"అయిపోయింది."

"అంత అబద్ధం. మీ చిన్నాయన ఒక్కనాడు రాత్రి డ్యూటీ చెయ్యలే. అజమత్ ఎవడో నాకు తెల్వదు. నిద్రకేం, నేను మస్తు పండుకునేదాన్ని." ఆవలించి, అటు తిరిగి పడుకుంది. "ఇగ మంచమంటవా, మాకు మంచమే లేకుండె. చాప మీద పండుకునేటోళ్లం."